నుమాయిష్‌లో కొట్టిన కన్ను

పోయిన వారం మునక్కాయ దగ్గర ఆగాం కదా. ఆబిడ్స్ హోటల్లో బల్లకు అటువైపు హిమాయత్‌నగర్ నుంచి వచ్చిన సుబ్బరత్నం, బుచ్చిబాబు దంపతులు. ఇటువైపు మన నర్మద, ఆమె భర్త రాజేందర్. వీళ్ళ నవత, వాళ్ళ సాయిచైతన్య ఒకరినొకరు ఎప్పుడో మెచ్చుకున్నారు. ఇక పెద్దవాళ్ళు ఒకరినొకరు మెచ్చుకోవడమే తరువాయి అని పెట్టుకున్న భోజనం అది. అంతా సజావుగా సాగుతున్న వేళ నర్మద సాంబారులోని మునక్కాయను కుడి దవడ కిందికి తోసి నమిలింది. ఆమె ఎడమ కన్ను టపీటపీమని రెండుసార్లు కొట్టింది. ఎదురుగా ఉన్నది కాబోయే వియ్యంకుడు. బుచ్చిబాబుకు పొలమారింది. సుబ్బరత్నం ఇటు చూసింది, అటు చూసింది, చెంచా పళ్ళెంలో పడేసి పాయసం రాకముందే లేచి వెళ్ళిపోయింది.

ఎడమ కన్ను అదిరితే ఆడవాళ్ళకు శుభమంటారు. ఆదివారం పోయి గురువారం వచ్చినా శుభం జాడ లేదు. హిమాయత్‌నగర్ నుంచి ఫోను లేదు. "మా అమ్మ ఎవరితోనూ మాట్లాడట్లేదు. నాన్న కూడా అంతే. వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు కూడా మాట్లాడుకోవట్లేదు" అని సాయిచైతన్య నవతతో నీరసంగా చెప్పి ఊరుకున్నాడు.

నర్మద మాత్రం కంట్లో దుమ్ము పడిందని ఒకటే మాట. తలుపులు బిగించిన ఏసీ హోటల్లో దుమ్మెక్కడిదని నవత నిలదీస్తే "మునక్కాయల ఉండె" అంది. అబద్ధం ఆడటానికి కూడా కాస్త ఒడుపుండాలి. ఆ ఒడుపు నర్మదకు బొత్తిగా లేదు.

రాజేందర్ తీరు మరీ వింతగా ఉంది. ఆబిడ్స్‌లో తండ్రి రాజనర్సు పెట్టిన కళ్ళద్దాల దుకాణం అతనిది. పొద్దస్తమానం జనం ముక్కుల మీద ఫ్రేములు నిలబెట్టి, చెవుల దగ్గర వంచి, నవ్వించి పంపించే మనిషి. ఒక కన్ను చిన్నగా ఉందని ఎవరైనా చిన్నబుచ్చుకుంటే, "రెండు కండ్లు ఒక్క లెవల్ల ఉన్న మనిషి ఇప్పటిదాంక నా దుకాణం మెట్లెక్కలే. దేవుడు మనుషులను చేత్తోని చేసిండు, మిషన్‌తోని గాదు" అని ఊరడించేవాడు. అలాంటివాడు ఆదివారం నుంచి నోరు విప్పలేదు. పిలిస్తే పలుకుతాడు, పెడితే తింటాడు, అంతే. తన వల్ల పరువు పోయిందని బాధపడుతున్నాడని నర్మద అనుకుంది. లోలోపల కుమిలిపోయింది.

మునక్కాయలో దుమ్మును నమ్మని నవత ఫోనులో వెతికింది. వాలిన రెప్ప అని కొట్టీ కొట్టగానే ఆ ఫోను దడ పుట్టించింది. నరమట, మెదడట, కండరాల జబ్బట. తల్లి ఎడమ రెప్ప కుడిదానికంటే కిందికి ఉంటుందని ఆ పిల్లకు కొత్తగా తెలిసింది కాదు. అమ్మ ముఖమంటే అంతే అనుకుంది ఇన్నేళ్ళూ. ఇప్పుడు మొదటిసారి అది ముఖం కాదు, జబ్బేమోనన్న భయం పట్టుకుంది. మధ్యాహ్నం దాకా రానని ఆఫీసులో చెప్పి, అమ్మానాన్నలిద్దరినీ నాంపల్లిలో ఒక కళ్ళ దవాఖానకు తీసుకొచ్చింది.

డాక్టరు పేరు అంజన్. కళ్ళ డాక్టరుకు కాటుక పేరు పెట్టిన తల్లిదండ్రుల ముందుచూపు గురించి రాజేందర్ మామూలుగా అయితే ఒక మాట విసిరేవాడే. ఇవాళ గోడ మీది కంటి బొమ్మను చూస్తూ కూర్చున్నాడు.

అంజన్ కుర్రవాడే గానీ నిదానస్తుడు. లైటు వేసి చూశాడు. పైకి చూడమన్నాడు, కిందికి చూడమన్నాడు. రెప్ప దగ్గర చిన్న స్కేలు పెట్టి కొలిచాడు. తర్వాత కాస్త వెనక్కి జరిగి నర్మదను మొత్తంగా చూశాడు.

"గడ్డం ఎప్పుడూ ఇట్లాగే పైకెత్తి చూస్తారా అమ్మా?"

"మా నానమ్మ దాన్ని పొగరు అనేది సార్," అంది నవత.

నిజమే. అత్త జమున బతికున్నన్నాళ్ళూ "నా కోడలు దొరసాని లెక్క తలెత్తి చూస్తది" అని బస్తీ అంతా చెప్పుకుంది. చిత్రమేమిటంటే అన్నం దగ్గరికొచ్చేసరికి అదే కోడల్ని ఆకాశానికెత్తేది. "మగోళ్ళ ముందట తల లేపది. గోడ దిక్కు తిరిగి తింటది. గట్ల ఎవలు తింటున్నరు ఈ కాలంల?" అనేది. తిననప్పుడు ఎత్తిన తల, తినేటప్పుడు వంచిన తల. రెండింటికీ కారణం ఒకటే కన్ను అని ఆ మహాతల్లికి పోయేదాకా తెలియలేదు.

"పొగరు కాదమ్మా," అన్నాడు అంజన్. "రెప్ప వాలి ఉంటే దాని కింది నుంచి చూడటానికి గడ్డం దానంతటదే లేస్తుంది. కనుబొమ్మ చూడండి, అది కూడా ఎడమవైపు పైకి లాక్కుని ఉంది. రెప్పను లేపే చిన్న కండరం ఒకటుంటుంది. మీకది కొంచెం బలహీనం. దాని పని నుదురు చేస్తోంది. సాయంత్రానికి రెప్ప ఇంకా వాలుతుందా?"

"లేదు సార్."

"ఒకటి రెండుగా కనపడటం? తలనొప్పి?"

"లేదు."

"మరి ఎప్పట్నుంచి ఉంది? ఎందుకడుగుతున్నానంటే, ఉన్నట్టుండి వాలిన రెప్పయితే ఒక్క రోజు కూడా ఆగకూడదు. అది వేరే కథ. చిన్నప్పట్నుంచి ఉన్నదైతే భయపడాల్సింది లేదు."

నర్మద నేల చూపులు చూసింది. పక్కన నవత రెండు చేతులతో సంచిని గట్టిగా పట్టుకుని కూర్చుంది. చిన్నప్పుడు పరీక్షకు పోయేటప్పుడు కూడా ఆ పిల్ల సంచిని అట్లాగే పట్టుకునేది. తన గుట్టు దాచుకోవాలా, బిడ్డ భయం తీర్చాలా అని తల్లి ఎంతసేపు ఆలోచిస్తుంది?

"పుట్టినప్పటి సంది ఉన్నది సార్," అంది. తర్వాత గొంతు తగ్గించింది. "ఇంకోటి గూడ ఉన్నది. నమిలితే లేస్తది."

అంజన్ కుర్చీలో ముందుకు జరిగాడు. వైద్యులకు అప్పుడప్పుడు ఇలాంటి సంబరాలు వస్తుంటాయి. "ఏదీ, ఏమన్నా నమలండి చూద్దాం."

రాజేందర్ చొక్కా జేబులోంచి పల్లీల పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. స్టేషన్ రోడ్డులో అలవాటుకొద్దీ కొన్నాడు గానీ ఒక్కటి కూడా నోట్లో వేసుకోలేదు.

నర్మద నాలుగు పల్లీలు చేతిలోకి తీసుకుని ఆగింది. జనగామ పక్కన వాళ్ళ ఊళ్ళో, ఊహ తెలిసినప్పటి నుంచి నాయనమ్మ ఆమెకు నేర్పింది ఒకటే. "గోడ దిక్కు తిరుగు బిడ్డా. ఎవలన్న చూస్తే కన్ను గొడుతున్నవనుకుంటరు." పెద్దయ్యాక నర్మద ఇంకో కిటుకు కనిపెట్టింది. ఎడమ దవడతో నమిలితే రెప్ప ఊరుకుంటుంది, కుడి దవడతో నమిలితేనే ఎగురుతుంది. ఆ కిటుకుతోనే కాపురమంతా నెట్టుకొచ్చింది. గుడ్డిలో మెల్ల అన్నట్టు అదీ ఒక అదృష్టమే. కానీ మొన్న శుక్రవారం ఎడమవైపు పన్ను పీకించుకోవాల్సి వచ్చింది, ఆదివారం మునక్కాయ కుడిపక్కకు పోవాల్సి వచ్చింది.

పల్లీలు నోట్లో వేసుకుంది. ముగ్గురి ఎదుట, తల వంచకుండా, కుడిపక్క నమిలింది.

రెప్ప లేచింది, దిగింది. మళ్ళీ లేచింది, దిగింది.

"అమ్మా!" అని నవత కేక పెట్టింది. నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. "అంటే నువ్వు అంకుల్‌కి కన్ను కొట్టలేదా?"

"నేను గట్లాంటిదాన్ని అనుకున్నవానే?"

"మరి దుమ్ము అన్నవేంది?"

"ఇది చెప్తే నవ్వుతరని అన్న. నవ్వుతనే ఉన్నవు గదా."

అంజన్ ఓపికగా చెప్పాడు. "ఇంట్లో వైరింగు చేసేటప్పుడు తీగలు అటూ ఇటూ అయితే ఫ్యాన్ స్విచ్చి వేసినప్పుడు లైటు వెలుగుతుంది చూశారా? ఇదీ అంతే. దవడను కదిపే నరం తీగ ఒకటి తల్లి కడుపులోనే దారి తప్పి రెప్ప కండరానికి తగులుకుంది. దవడ కదిలితే రెప్ప లేస్తుంది. జబ్బు కాదు, పెరగదు, ఎవరికీ అంటదు. చూపు బాగుంది. కావాలంటే ఆపరేషన్ చేసి రెప్పను లేపొచ్చు, ఆ కొట్టుకోవడమూ తగ్గించొచ్చు. తప్పనిసరేం కాదు. మీ ఇష్టం, తొందర లేదు."

"సార్, ఈ ముక్క మా కాబోయే అత్తమ్మకి ఫోన్‌లో చెప్తరా?"

"ఆ ఆపరేషన్ నా వల్ల కాదమ్మా," అని నవ్వాడు అంజన్.

నర్మద గుండెల మీంచి ఏదో దిగిపోయినట్టయింది. గడ్డం ఎత్తి చూసే చూపు పొగరు కాదని, కన్ను కొట్టుకోవడం సిగ్గుమాలినతనం కాదని చదువుకున్న మనిషి ఒకడు ఎదురుగా కూర్చుని చెప్పాడు. ఇంతకాలం తినే ప్రతి ముద్దా లెక్కచూసుకుని తిన్నది. హాయిగా ఊపిరి పీల్చుకుని భర్త వైపు తిరిగింది. రాజేందర్ ముఖం దుకాణం షట్టరు దించినట్టుంది.

"పుట్టినప్పటి సందా?" అన్నాడు. నాలుగు రోజుల్లో అతను అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఔ."

"మధ్యల ఎప్పుడన్న ఆగిందా? అంటే, పెండ్లికి ముందట... ఒక్క ఏడాదన్న?"

"ఆగదండీ," అన్నాడు అంజన్.

రాజేందర్ తల ఊపి బయటికి నడిచాడు.

నవత ఆఫీసుకని మెట్రో ఎక్కేసింది. ఎక్కుతూ ఎక్కుతూ "డాడీకి ఏమైందో జర చూడు" అని తల్లి చెవిలో వేసి పోయింది. నర్మద, రాజేందర్ నడుచుకుంటూ తమకు అలవాటైన ఇరానీ హోటల్లోకి వెళ్ళారు. నర్మద ఎప్పుడూ గోడవైపు కుర్చీ చూసుకునేది. ఇవాళ భర్తకు ఎదురుగా కూర్చుంది. అతను అది కూడా గమనించలేదు. చాయి వచ్చింది, ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి.

"ఏందయ్యా నీ బాధ?" అంది ఆమె. "జబ్బు లేదన్నడు, ఫికర్ లేదన్నడు. సంతోషపడాలె గదా."

రాజేందర్ చాయి కప్పులోకే చూస్తూ అన్నాడు. "నుమాయిష్ యాదికున్నదా?"

"ఏ నుమాయిష్? ఏటా నాంపల్లి ఎగ్జిబిషన్‌కు పోతనే ఉంటిమి."

"పెండ్లికి ముందటిది. మిర్చీ బజ్జీల కాడ నువ్వు, మీ భాగ్యక్క, మల్లేష్ బావ నిలబడ్డరు. నేను గాడ ఎదురుంగ ఉన్న."

నర్మద చేతిలోని బిస్కెట్ చాయిలోకి పోతూ ఆగింది.

"వేడి వేడి బజ్జీ నోట్లేసుకొని అటు ఇటు దొర్లిస్తున్నవు. నా దిక్కు చూసినవు. రెండుసార్లు కన్ను గొట్టినవు." రాజేందర్ కప్పును బల్ల మీద గుండ్రంగా తిప్పాడు. "పిల్ల ధైర్యం జూడు అనుకున్న. గింతమందిల, అక్కబావ పక్కన ఉండంగ, ఎవడో తెల్వని పోరనికి కన్ను గొట్టిందంటే నాలో ఏందో చూసింది అనుకున్న. గా రోజుల నన్ను చూసెటోళ్ళు ఎవలున్నరు నర్మదా? నాయిన దుకాణంల తలకాయ వంచుకొని అద్దాలు తుడుసుడు, ఇంటికొచ్చి పండుడు. ఇంటికి పోయి అమ్మతోని చెప్పిన. చేసుకుంటే గా పిల్లనే, మల్లేష్ బావ మరదలినే అని. మల్లేష్ బావ మన దుకాణంల అద్దాలు చేపిచ్చుకున్నోడే గదా, గట్ల మాట కలిపిన్రు."

పక్క బల్ల దగ్గర ఎవరో గట్టిగా నవ్వారు. రాజేందర్ ఆ నవ్వు ఆగేదాకా ఆగాడు.

"అటెన్క గూడ కొట్టినవు. బోనాల నాడు మటన్ బొక్క నములుకుంట ఒకపారి. గుట్ట మీది గుడికి పోయే బస్సుల చెరుకుగడ తినుకుంట ఒకపారి. నాకొక్కనికే కొడ్తవనుకున్న. ఎవ్వలికి చెప్పలే. మొన్న నా కండ్ల ముందటనే బుచ్చిబాబుకు కొట్టినవు."

"గందుకా నాలుగు దినాల సంది మూతి ముడుసుకున్నది?"

"గది గూడ పోనీ. ఇప్పుడు గా డాక్టర్ ఏమన్నడు? బుచ్చిబాబుకు కొట్టలే అన్నడు. అంటే నాకు గూడ కొట్టలే. ఆయనకు గూడ కొట్టినవంటే కోపమొచ్చింది. నాకు గూడ కొట్టలేదంటే ఏమొస్తున్నదో నాకే తెలుస్తలేదు." అతను నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "దవడ నరం అట. నన్ను మెచ్చింది దవడ నరం."

నర్మద బిస్కెట్ పళ్ళెంలో పెట్టి అతని వైపు చూసింది. ఎదురుగా ఉన్న మనిషి తల మీద వెంట్రుకలు సగం రాలిపోయాయి, మిగిలినవి నెరిశాయి. ఇంత వయసు మీదపడ్డాక కూడా ఒక బజ్జీల దుకాణం దగ్గర నిలబడే ఉన్నాడా ఈ మనిషి అనుకుంది. ఆమెకు అతని మీద ఎన్నడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది.

"నువ్వు కొట్టలేదా?" అంది.

"ఏంది?"

"గా దినం. నువ్వు కన్ను గొట్టలేదా నాకు?"

"కొట్టిన. నువ్వు కొట్టినవు గదా అని తిరిగి కొట్టిన."

"నువ్వే మొదలు కొట్టినవనుకున్న నేను. ఇన్నేండ్లు." నర్మద కప్పు పక్కకు జరిపింది. "మా ఊర్ల నేను తింటుంటే పోరగాండ్లు ఎక్కిరించెటోళ్ళు. పెద్దోళ్ళు మొకం తిప్పుకునెటోళ్ళు. నాయనమ్మ గోడ దిక్కు కూసోబెట్టేది, ఆమెది పాపం మంచికే. గా బజ్జీ కాలి నా దవడ ఎటు పోయిందో నాకే తెల్వలే. కన్ను లేసింది. లేసిందని నాకు తెలిసింది. సిగ్గుతోని సచ్చిపోయిన. తలెత్తి చూస్తే ఎదురుంగ నువ్వున్నవు. నవ్వినవు. ఎక్కిరింపు నవ్వు గాదది. కన్ను గొట్టినవు. పోకిరోడు అనుకున్న."

"అనుకొని?"

"అనుకొని ఇంటికి పోయి గదే తలుచుకున్న. నా కన్ను లేసుడు చూసి మొకం తిప్పుకోకుంట జవాబు చెప్పినోనివి నువ్వొక్కనివే. మీ సంబంధం వచ్చినప్పుడు నాయనమ్మ వద్దన్నది. పట్నపు పోరడు, అన్నం కాడ దొరుకుతవు, వాపస్ తోలుతరు అన్నది. నేనే చేసుకుంటన్న." నర్మద కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు కళ్ళలోనూ సమానంగానే తిరిగాయి. "నేను కొట్టింది నా చేతుల లేదయ్యా. నువ్వు కొట్టింది నీ చేతుల్నే ఉండె గదా. నేను ఔనన్నది గందుకే."

రెప్పపాటులో జరిగిపోయిందంటారు కొన్ని పెళ్ళిళ్ళను. వీళ్ళ విషయంలో అది మాటవరసకు అన్నది కాదు.

 రాజేందర్ భుజాలు నెమ్మదిగా నిటారయ్యాయి. "అంటే మొదలు కొట్టింది నేనే అన్నట్టు."

"నువ్వే. పోకిరోడివి."

"గా మాట ముందట చెప్పొచ్చు గదా! నాలుగు దినాలు నా తల ప్రాణం తోకకొచ్చింది."

"నువ్వు అడిగితే గదా చెప్పెటందుకు!"

చాయిలో ముంచిన ఉస్మానియా బిస్కెట్‌కు దవడతో పనేముంది? అందుకని రాజేందర్ పల్లీల పొట్లం మళ్ళీ బయటికి తీశాడు. నర్మద ఎదురుగా కూర్చుని, తలెత్తుకుని, కుడిపక్కతో తినసాగింది. రెప్ప లేచిన ప్రతిసారీ అతను కన్ను కొట్టాడు. చాయి తెచ్చినవాడు ఈ ముసలిజంటకు ఏమైందో అర్థంకాక రెండోసారి చాయి అడగకుండానే తెచ్చిపెట్టాడు.

"ఆపరేషన్ చేపిచ్చుకుంటవా?" అని అడిగాడు రాజేందర్ లేస్తూ.

"ఏమో, ఇప్పుడే తెలుస్తలేదు. ముందుగాల జర నాలుగు దినాలు అందరి ముందట కూసొని తింట. అటెన్క చూద్దాం."

"నీ ఇష్టం. చేపిచ్చుకున్నా ఫికర్ లేదు. కొట్టుడు నాకొస్తది గదా."

స్టేషన్ రోడ్డు దాటి ఆబిడ్స్ దాకా నడుచుకుంటూనే వచ్చారు. ఎండ ఉన్నా తెలియలేదు. నర్మద దారి పొడుగునా పల్లీలు తింటూనే ఉంది. బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు ఆడపిల్లలు ఆమె కన్ను చూసి ముసిముసిగా నవ్వితే తానూ నవ్వింది. కడుపు నిండా తినడమంటే ఏమిటో ఈ వయసులో తెలుస్తున్నందుకు ఆమెకు సంతోషంగానే ఉంది.

దుకాణం ముందు మెట్టు మీద సుబ్బరత్నం నిలబడి ఉంది. ఒక్కతే వచ్చింది. చేతిసంచిని గుండెలకు ఆనించుకుని ఎంతసేపటి నుంచి నిలబడిందో ముఖమంతా చెమట పట్టింది.

రాజేందర్ గబగబా షట్టరు లేపి, ఫ్యాను వేసి, కుర్చీ జరిపాడు. నర్మద కొంగుతో చెయ్యి తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. ఈసారి దుమ్మూ లేదు, ధూళీ లేదు. దవడ నరం, దారి తప్పిన తీగ, ఫ్యాను స్విచ్చి, లైటు, అన్నీ చెప్పింది. మధ్యలో రాజేందర్ కూడా అందుకున్నాడు. సుబ్బరత్నం మొత్తం విని, కళ్ళద్దాలు తీసి, పమిటతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"అయ్యో వదినగారూ," అంది. "మీరు కొట్టారనా నేను లేచొచ్చేసింది?"

నర్మద, రాజేందర్ ముఖముఖాలు చూసుకున్నారు.

"మీది చూసినప్పుడే నాకు అనుమానం వచ్చిందండీ, ఇదేదో కంటి నలతేనని. మనిషన్నాక రెండు కళ్ళూ ఒకేలా ఏడుస్తాయా? నేను లేచింది ఆయన్ని చూసి. మీరు రెండుసార్లు కొట్టారు. మా ఆయన తిరిగి మూడుసార్లు కొట్టారు."

"అన్నయ్యగారికి పొలమారింది గదా?" అంది నర్మద.

"పొలమారింది ఆ తర్వాత. నేను చూశానని చూశాక." సుబ్బరత్నం చేతిసంచి జిప్పు లాగి మళ్ళీ మూసింది. "ముప్ఫై ఏళ్ళ కాపురమండీ మాది. ఆ మనిషికి కన్ను కొట్టడం వచ్చని నాకు మొన్న ఆదివారం తెలిసింది."

 నవ్వాలో ఓదార్చాలో నర్మదకు తెలియలేదు. ఒక గంట కిందట ఇరానీ హోటల్లో తన భర్త ముఖం ఎట్లా ఉందో ఇప్పుడు ఈవిడ ముఖం అట్లాగే ఉంది. ఒకరికి రావలసినది ఇంకొకరికి పోయిందన్న బాధ ఏ జిల్లా వాళ్ళకైనా ఒకటే.

"పిల్లలు మంచివాళ్ళు. నవత బంగారం లాంటి పిల్ల. అందులో నాకు రెండో మాట లేదు," అంది సుబ్బరత్నం కాస్త తేరుకుని. "కానీ ఆయన ఒప్పుకోవట్లేదండీ. ఎంత అడిగినా, మునక్కాయ పీచు కంట్లో పడింది అంటారు. కొట్టానే, పొరపాటున కొట్టానే అంటే నేను నవ్వి ఊరుకుందును. అబద్ధం చెప్పే మనిషిని పక్కన పెట్టుకుని పీటల మీద కూర్చుని కొడుకు పెళ్ళి ఎలా చేయను? అందుకే ఆయన్ని ఇక్కడికే రమ్మన్నాను. మీ ఎదుట అడుగుతాను. ఒప్పుకుంటే ఈ పూటే ముహూర్తం మాట్లాడుకుందాం. లేదంటే పిల్లలకు ఏం చెప్పుకుంటారో ఆయన్నే చెప్పుకోనివ్వండి."

మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో, చేతిలో పూతరేకుల డబ్బాతో బుచ్చిబాబు గుమ్మంలో నిలబడ్డాడు. భార్యను చూశాడు, నేల చూశాడు, చివరికి గొంతు సవరించుకుని నర్మద వైపు తిరిగాడు.

"చెల్లెమ్మగారూ, మీరే న్యాయం చెప్పండి. ఆ రోజు నేను మీకు కన్ను కొట్టానా?"

సుబ్బరత్నం కుర్చీ అంచుకు జరిగి భర్త కళ్ళలోకే గుచ్చి చూస్తోంది. రాజేందర్ భార్య బుగ్గ వైపు చూసి గతుక్కుమన్నాడు. కక్కలేక మింగలేక అని లోకం మాటవరసకు అంటుంది గానీ, సుబ్బరత్నం మాటలు వింటూ పరధ్యానంగా వేసుకున్న నాలుగు పల్లీలు నర్మద కుడి దవడ కింద నిజంగానే ఉన్నాయి.

జవాబు చెప్పడానికి ఆమె నోరు తెరిచింది.